ఎడమ భుజానికి కుడివైపు బోల్టు: తొలి రైఫిల్ ఎంపికలో ముందు చూడవలసినవి

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ స్టూడియోల నుంచి యూసుఫ్‌గూడ, మధురానగర్ వీధుల దాకా తుపాకీ అనే వస్తువు జనానికి ఎక్కువగా సినిమా సామగ్రిగానే పరిచయం. తెరపై నాయకుడు ఏ చేత్తో తుపాకీ పట్టినా అది పేలుతుంది, గురి తప్పదు, ఖాళీ తూటా తొడుగు ఎటు ఎగిరి పడిందో ఎవరూ గమనించరు. అదే ప్రాంతం నుంచి గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌కు వెళ్ళి రైఫిల్ క్రీడను నేర్చుకోదలచిన ఎడమచేతి వాటం యువతీ యువకులకు మాత్రం తొలి రోజునే ఒక చిక్కు ఎదురవుతుంది. రేంజ్‌లో అందుబాటులో ఉండే రైఫిళ్ళలో అత్యధికం కుడిచేతి వారి కోసం తయారైనవి. వాటిని ఎడమ భుజానికి ఆనించినప్పుడు తూటా ఎక్కించే మీట ఒక వైపు, దాన్ని నడపవలసిన చెయ్యి మరో వైపు ఉంటాయి. జనాభాలో సుమారు పది మందికి ఒకరు పుర్రచేతి వాటం వారేనని అంచనా కాబట్టి ఇది అరుదైన ఇబ్బందేమీ కాదు. తొలి రైఫిల్ కొనే ముందు అటువంటి షూటర్ ఏ విషయాలను ఏ క్రమంలో తేల్చుకోవాలో తెలియాలంటే ఆ యంత్రపు నిర్మాణం, మనిషి చూపు, దేశ చట్టం అనే మూడింటినీ కలిపి పరిశీలించవలసి ఉంటుంది.

బోల్టు కుడివైపుకే ఎందుకు చేరింది

గొట్టం వెనుక భాగాన్ని గట్టిగా మూసి ఉంచే ఉక్కు కడ్డీని బోల్టు అంటారు. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి వెనక్కి తన్నకుండా ఆపేది అదే. దానికి ఒక పక్కన చిన్న మీట ఉంటుంది; ఆ మీటను పైకి లేపి వెనక్కి లాగితే పేలిన తూటా తొడుగు బయటికి ఎగిరి పడుతుంది, ముందుకు నెట్టి కిందికి దించితే కొత్త తూటా గదిలోకి చేరి తాళం పడుతుంది. ఈ నాలుగు కదలికలను ప్రతి గుండుకూ చేతితోనే జరపవలసిన రైఫిల్‌ను బోల్ట్ యాక్షన్ రైఫిల్ అంటారు. దానంతట అదే తూటాను ఎక్కించుకొనే తుపాకులతో పోలిస్తే ఇందులో కదిలే భాగాలు తక్కువ, గొట్టానికీ బోల్టుకూ మధ్య బిగువు ఎక్కువ. గురి క్రీడలో ఈ పద్ధతి నేటికీ నిలిచి ఉండటానికి ఆ స్థిరత్వమే కారణం.

ఈ నిర్మాణం సైన్యాల అవసరాల నుంచి పుట్టింది. ప్రష్యా సైన్యం 1841లో స్వీకరించిన డ్రైజా రైఫిల్‌తో బోల్టు పద్ధతి యుద్ధరంగానికి పరిచయం కాగా, జర్మనీ 1898లో తెచ్చిన మౌజర్ నమూనా, బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాలు వాడిన లీ ఎన్‌ఫీల్డ్ దాన్ని లోకమంతటా వ్యాపింపజేశాయి. లక్షల సంఖ్యలో ఒకే రకం ఆయుధాన్ని తయారు చేయించి, పంచి, మరమ్మతు చేయించవలసిన సైన్యానికి రెండు రకాల బోల్టులు అదనపు భారం కనుక, సిపాయి ఏ చేతి వాటం వాడైనా కుడి భుజం మీదనే కాల్చడం నేర్పారు. సైనిక రైఫిళ్ళ నుంచే వేట రైఫిళ్ళు, ఆ తరువాత క్రీడా రైఫిళ్ళు రూపొందడంతో అదే అమరిక వాటికీ సంక్రమించింది. అమెరికాకు చెందిన సావేజ్ సంస్థ 1950ల చివరలో తన 110 నమూనాను ఎడమచేతి బోల్టుతో తయారు చేసిన తరువాతే అటువంటి రైఫిల్ సామాన్య కొనుగోలుదారుకు కార్ఖానా సరుకుగా దొరకడం మొదలైంది. నేడు సావేజ్‌తో పాటు ఫిన్లాండ్‌కు చెందిన టిక్కా, గురి పోటీ రైఫిళ్ళకు పేరు పొందిన జర్మనీ సంస్థ ఆన్‌షుట్జ్ వంటివి ఎడమచేతి నమూనాలను తయారు చేస్తున్నాయి.

ఎడమ భుజం మీద జరిగేదేమిటి

కుడివైపు బోల్టు ఉన్న రైఫిల్‌ను ఎడమ భుజానికి ఆనించిన వ్యక్తి ఎడమ చేత్తో పిడిని పట్టి, ఎడమ చూపుడువేలిని ట్రిగ్గర్ మీద ఉంచుతాడు. బోల్టు నడపాలంటే ఆ చెయ్యి పిడిని వదిలి, రైఫిల్ పై నుంచి అవతలి వైపుకు వెళ్ళి, పని ముగించుకొని మళ్ళీ పిడి దగ్గరికి రావాలి. పైన స్కోప్, అంటే దూరపు లక్ష్యాన్ని దగ్గరగా చూపే దుర్భిణి, ఉంటే ఆ దారి మరింత ఇరుకవుతుంది. ఒక గుండుకు ఇది చిన్న అసౌకర్యమే గాని, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో మోకాలి మీద, బోర్లా పడుకొని, నిలబడి ఇరవై చొప్పున మొత్తం 60 గుండ్లు కాల్చవలసి ఉన్నందున, ప్రతిసారీ భంగిమ చెదిరి, దాన్ని మళ్ళీ కుదుర్చుకోవలసి వచ్చే శ్రమ స్కోరులో కనబడుతుంది.

బోర్లా పడుకొన్న భంగిమలో ఈ ఇబ్బంది పరాకాష్ఠకు చేరుతుంది. ఆ భంగిమలో రైఫిల్ బరువును మోసే చేతికి స్లింగ్ అనే పట్టీని బిగించి, దాన్ని రైఫిల్ ముందు భాగానికి తగిలిస్తారు; ఎడమచేతి షూటర్ విషయంలో ఆ బరువు మోసే చెయ్యి కుడిచెయ్యి. పట్టీ బిగింపులో ఉన్న ఆ చెయ్యి బోల్టుకు ఎంత దగ్గరగా ఉన్నా కదలడానికి వీలు లేదు, కదిలితే గురికి ఆధారమే పోతుంది. కనుక ఎడమచెయ్యే పై నుంచి దాటి రావాలి. ఇందుకు భిన్నంగా, రైఫిల్‌ను బల్ల మీద ఇసుక సంచులపై గాని రెండు కాళ్ళ ఆధారంపై గాని నిలిపి కాల్చే పద్ధతిలో కుడిచెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఎడమచెయ్యి పిడిని వదలకుండానే కుడిచెయ్యి బోల్టును నడపగలదు. అక్కడ కుడివైపు బోల్టు ఎడమచేతి వారికి ప్రతికూలం కాకపోగా అనుకూలమే కావచ్చు. ఆ పద్ధతిలో పోటీపడే కుడిచేతి వారిలో కొందరు ఇదే కారణంతో కోరి ఎడమవైపు బోల్టు పెట్టించుకొంటారు. అంటే బోల్టు ఏ వైపు ఉండాలన్న ప్రశ్నకు అందరికీ వర్తించే ఒకే జవాబు లేదు, ఏ భంగిమలో కాల్చబోతున్నారన్నదే దాన్ని నిర్ణయిస్తుంది.

బోల్టు కంటే తక్కువగా కనిపించినా, స్టాక్ తెచ్చే చిక్కు అంతకంటే మొండిది. రైఫిల్‌లో భుజానికీ చెంపకూ ఆనే చెక్క లేక లోహపు భాగాన్ని స్టాక్ అంటారు. కుడిచేతి స్టాక్‌లో చెంప ఆనే దిమ్మె ఎడమ పక్కన ఉబ్బెత్తుగా ఉంటుంది, అరచెయ్యి పట్టే చోట కుడి అరచేతి ఆకారానికి తగిన ఉబ్బు ఉంటుంది, కొన్నింటిలో స్టాక్ మొత్తం కన్ను గురిరేఖకు చేరేలా కొద్దిగా ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. కుడిచేతి కత్తెరను ఎడమచేత్తో పట్టినప్పుడు అంచులు బొటనవేలిని ఒరుసుకొన్నట్లే, ఈ ఒంపులన్నీ ఎడమచేతి షూటర్‌కు ఎదురు తిరుగుతాయి. చెంప సరిగా ఆనకపోతే కన్ను ప్రతి గుండుకూ కొద్దిగా వేరే చోట నిలుస్తుంది, దానితో గుండు కూడా వేరే చోట తగులుతుంది.

భద్రత విషయం కూడా ఇందులో కలిసి ఉంది. ఖాళీ తొడుగు బయటికి వచ్చే కిటికీ కుడివైపున ఉంటుంది. ఎడమ భుజం మీద కాల్చినప్పుడు షూటర్ ముఖం ఆ కిటికీ వైపే ఉంటుంది. తూటా తొడుగు పగిలి వేడి వాయువు వెనక్కి చిమ్మడం అరుదే అయినా, జరిగితే ఆ కిటికీకి దగ్గరగా ఉన్న కన్నే ముందుగా ప్రమాదంలో పడుతుంది. రైఫిల్ ఏ రకమైనా కళ్ళజోడు, చెవులకు రక్షణ తప్పనిసరి; కుడివైపు రైఫిల్‌ను ఎడమ భుజం మీద వాడేవారు కళ్ళజోడు లేకుండా ఒక్క గుండు కూడా కాల్చరాదు. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట బొటనవేలికి అందే చోట ఉందా లేదా అన్నదీ కొనే ముందే చూడవలసిన విషయం.

చేతి కంటే ముందు కన్ను

తుపాకీని పట్టేది చెయ్యి అయినా గురి చూసేది కన్ను. ఇద్దరిలో ఒకరి సాక్ష్యాన్ని ఎక్కువగా నమ్మే న్యాయమూర్తి తీరులో మెదడు తన అలవాటు కొద్దీ రెండు కళ్ళ చూపులో ఒకదానికి ప్రాధాన్యం ఇస్తుంది. ఆ కన్నును షూటర్లు మాస్టర్ ఐ అంటారు. ఎడమ కన్నుకు ఈ ప్రాధాన్యం ఉన్నవారు జనాభాలో మూడింట ఒక వంతు వరకు ఉంటారని అంచనా. ఎడమచేతి వాటం వారి కంటే ఈ సంఖ్య ఎంతో ఎక్కువ కనుక, చేతి వాటం ఒకటి, కంటి వాటం మరొకటి అయినవారు చాలామంది ఉంటారు.

దీన్ని తెలుసుకొనేందుకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. రెండు చేతులనూ ముందుకు చాచి, అరచేతులను ఒకదానిపై ఒకటి చేర్చి మధ్యలో చిన్న సందు వదిలి, రెండు కళ్ళూ తెరచి ఉంచి ఆ సందులోంచి దూరాన ఉన్న గోడ గడియారం వంటి వస్తువును చూడాలి. తరువాత ఒక్కొక్క కన్నునే మూయాలి; ఏ కన్ను మూసినప్పుడు ఆ వస్తువు సందులోంచి మాయమవుతుందో అదే ప్రధానమైన కన్ను. ఒకే ఫలితం వస్తోందా అన్నది చూడటానికి పరీక్షను కొన్నిసార్లు చేయడం మంచిది. చెయ్యీ కన్నూ రెండూ ఎడమవైతే నిర్ణయం సులభం, ఆ వ్యక్తి ఎడమ భుజం మీదనే నేర్చుకోవాలి. చెయ్యి ఎడమ, కన్ను కుడి అయినప్పుడు, ఇంకా ఏ అలవాటూ పడని కొత్తవారికి శిక్షకులు సాధారణంగా కంటి పక్షాన నిలిచి కుడి భుజాన్ని సూచిస్తారు. అటువంటి వ్యక్తికి ఎడమవైపు బోల్టు అవసరమే ఉండదు. భుజం మార్చలేనివారు గురి చూడని కంటికి ఎదురుగా చిన్న అడ్డుపలకను అమర్చుకొంటారు. ఒక కన్నును గంటసేపు మూసి ఉంచితే ముఖ కండరాలు అలసి చూపు మసకబారుతుంది కాబట్టి, రెండు కళ్ళూ తెరిచే ఉంచి ఒకదాని చూపును మాత్రం ఆపడం మేలు.

తెలుగు ఇళ్ళలో ఈ పరీక్షకు మరో ప్రయోజనం కూడా ఉంది. ఎడమచేత్తో అన్నం తినే, రాసే పిల్లలను మందలించి కుడిచేతికి మార్పించడం మొన్నమొన్నటి వరకు సర్వసాధారణం. అందువల్ల కుడిచేత్తో రాసే పెద్దవారిలో కొందరు పుట్టుకతో పుర్రచేతి వాటం వారే అయి ఉంటారు. బలపం పట్టిన చేతిని బట్టి గాక, బంతి విసిరే చెయ్యి, అసంకల్పితంగా కర్రను భుజానికి ఎత్తే తీరు, ప్రధానమైన కన్ను అనే మూడింటినీ చూసి నిర్ణయించాలి.

సాధనతో చెయ్యి మారుతుందనడానికి క్రీడా చరిత్రలో గట్టి నిదర్శనం ఉంది. హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి దెబ్బతినగా, ఎడమచేత్తో కాల్చడం నేర్చుకొని, 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్స్ రెండింటిలోనూ 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో స్వర్ణ పతకాలు గెలిచాడు. ఆయన గెలుపు పట్టుదలకు సంబంధించినది. అవసరం లేనివారు కూడా వాటానికి ఎదురీదాలని దాని అర్థం కాదు.

చట్టం నిర్ణయించే క్రమం

అమెరికాలోనో ఫిన్లాండ్‌లోనో తొలి బోల్ట్ యాక్షన్ రైఫిల్ అంటే చాలామందికి వేట రైఫిల్. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వినోదపు వేటను నిషేధిస్తుంది కనుక, హైదరాబాద్ షూటర్ కొనే తొలి రైఫిల్‌కు సహజమైన ప్రయోజనం కాగితపు లక్ష్యమే. దేశంలో తుపాకీ కలిగి ఉండటాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమావళి నియంత్రిస్తాయి. లైసెన్సుకు 21 సంవత్సరాలు నిండి ఉండాలి. హైదరాబాద్ నగరంలో దాన్ని ఇచ్చే అధికారి పోలీసు కమిషనర్. దరఖాస్తుదారు తుపాకీ భద్రతలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం, ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని ఇంట్లో భద్రంగా దాచగలనన్న హామీ సమర్పించాలి, ఆపైన స్థానిక పోలీసుల విచారణ ఉంటుంది. 2019 సవరణతో సాధారణ పౌరుడు ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. గుర్తింపు పొందిన షూటర్లకు సంఖ్య విషయంలో ప్రత్యేక మినహాయింపులున్నాయి. వేడుకల్లో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే నిబంధన కూడా ఆ సవరణతోనే వచ్చింది.

ఎడమచేతి వారికి అసలు ఆటంకం లైసెన్సు దగ్గర కంటే సరుకు దగ్గర ఎక్కువ. దేశీయంగా ప్రభుత్వ కర్మాగారాలు తయారు చేసే .315 బోర్ రైఫిల్, లీ ఎన్‌ఫీల్డ్ వంశానికి చెందినది కావడంతో, కుడివైపు బోల్టుతోనే ఉంటుంది. పైగా అది గురి క్రీడ కోసం ఉద్దేశించినది కాదు. ఆ క్రీడలో వాడేది .22 బోర్ రైఫిల్. దాని తన్ను తక్కువ, శబ్దం తక్కువ, తూటా ఖర్చు కూడా పెద్ద తూటాల కంటే తక్కువ. పోటీ స్థాయి .22 రైఫిళ్ళు విదేశాల నుంచే రావాలి, తుపాకుల దిగుమతి మాత్రం సామాన్యులందరికీ తెరిచి ఉన్న దారి కాదు. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం నిర్దేశించిన అర్హత స్కోరును జాతీయ పోటీల్లో సాధించిన షూటర్లకే ఆ వెసులుబాటు ఉంటుంది. అందువల్ల ఎడమవైపు బోల్టు ఉన్న .22 రైఫిల్ మన దేశంలో డబ్బుతోనే దొరకదు, దాన్ని ముందు స్కోరుతో సంపాదించుకోవాలి.

కుడివైపు రైఫిల్‌ను కొని బోల్టును ఎడమకు మార్పించుకోవచ్చుననే ఆలోచన కొందరికి వస్తుంది. బోల్టు మీట తిరిగే గాడిని, తొడుగు బయటికి వచ్చే కిటికీని తుపాకీ ప్రధాన దేహంలోనే ఒక పక్కన కోసి ఉంచుతారు కాబట్టి, అది ఒక భాగాన్ని విప్పి మరో పక్కన బిగించే పని కాదు. లైసెన్సు లేని వ్యక్తి తుపాకీని మార్చడం, మరమ్మతు చేయడం చట్టరీత్యా నేరం కూడా. చెంప దిమ్మె, బట్ అనే భుజానికి ఆనే చివరి భాగం, పిడి వంటి అమరికలను ఎడమచేతికి అనుకూలంగా మార్చుకోవడం వరకే సబబు, అదైనా గుర్తింపు ఉన్న ఆయుధ నిపుణుడి చేతనే చేయించాలి.

ఎయిర్ రైఫిల్‌తో మొదలు

ఈ పరిస్థితుల్లో తొలి మెట్టు ఎయిర్ రైఫిల్. మందుగుండుకు బదులు గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును నెట్టే ఈ తుపాకీ బోర్ .177 అంగుళాలకు, అంటే 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, శక్తి 20 జౌళ్ళకు మించకుండా ఉంటే 2016 నియమావళి ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పది మీటర్ల ఒలింపిక్ పోటీ ఈ తరహా రైఫిల్‌తోనే జరుగుతుంది. అందులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. తూటా తొడుగు ఎగిరిపడటం, వేడి వాయువు చిమ్మడం దీనిలో ఉండవు, గుండు ఎక్కించే మీటను నడిపే పనీ సులువు కనుక, ఎడమ కుడి తేడాలో మిగిలేది ప్రధానంగా స్టాక్ ఆకారమే. జర్మనీకి చెందిన వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్ వంటి సంస్థలు ఎడమచేతి స్టాక్‌తోనూ రెండు చేతులకూ సర్దుకొనే స్టాక్‌తోనూ వీటిని తయారు చేస్తాయి.

హైదరాబాద్‌లో ఈ మెట్టుకు మంచి పునాదే ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. ఈ నగరంలో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు; హైదరాబాద్ యువకుడు ధనుష్ శ్రీకాంత్ 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో అదే విభాగంలో స్వర్ణం సాధించాడు. ఇద్దరి పతకాలూ ఎయిర్ రైఫిల్‌తోనే వచ్చాయన్నది, దాన్ని పిల్లల ఆటవస్తువుగా చూసేవారు గుర్తించవలసిన విషయం.

ఎయిర్ రైఫిల్ కొనే ముందు దాన్ని భుజానికి ఎత్తి కళ్ళు మూసుకొని, చెంప ఆనిన తరువాత కళ్ళు తెరవాలి. గురి రంధ్రం మధ్యలో కన్ను దానంతట అదే నిలిస్తే స్టాక్ కుదిరినట్లు, మెడను వంచో సాచో వెతుక్కోవలసి వస్తే కుదరనట్లు. బట్ నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే పొడవు చేతి పొడవుకు సరిపోవాలి, పెరిగే పిల్లల కోసం ఆ పొడవును సర్దే వీలుండాలి. అంతర్జాతీయ నిబంధనలు ఎయిర్ రైఫిల్‌కు 5.5 కిలోల వరకు బరువును అనుమతిస్తాయి గాని, పన్నెండేళ్ళ పిల్లకు ఆ గరిష్ఠ బరువు నడుముకు భారమే. ఈ మెట్టుపై భంగిమ, శ్వాస, ట్రిగ్గర్ నొక్కే తీరు కుదిరిన తరువాత, క్లబ్బు .22 రైఫిల్‌తో, అది కుడివైపు బోల్టుదే అయినా, శిక్షకుడి పర్యవేక్షణలో అభ్యసించి, మూడు భంగిమల పోటీలో కొనసాగాలనే నిశ్చయం కలిగాకే సొంత రైఫిల్, సొంత లైసెన్సు గురించి ఆలోచించడం వివేకం. ఎడమవైపు బోల్టు కోసం పెట్టే శ్రమకూ ఖర్చుకూ అప్పుడే అర్థముంటుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఎడమచేతి రైఫిల్ దుకాణంలోనే దొరుకుతుంది గాని, అక్కడా చట్టం ముందు చూడవలసినదే. హెచ్1బి, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కొనడాన్ని, కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి; గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. స్నేహితుడి రైఫిల్‌ను రేంజ్‌లో సరదాగా చేతపట్టడానికి ముందు కూడా ఈ తేడాను తెలుసుకోవడం అవసరం.

రైఫిల్ క్రీడలోకి వచ్చే ఎడమచేతి వాటం పిల్లల్లో అనేకులు తొలి వారాల్లోనే తమకు చేతకాదనే నిర్ణయానికి వస్తే, ఆ లోపం వారి చేతిలో ఉండకపోవచ్చు, వారికి అందించిన తుపాకీలో ఉండవచ్చు. కనుక ప్రతి శిక్షణ కేంద్రం కొత్తగా చేరిన వారికి తుపాకీ ఇచ్చే ముందు కంటి పరీక్ష చేయాలి, కనీసం ఒక ఎడమచేతి ఎయిర్ రైఫిల్‌ను సిద్ధంగా ఉంచాలి. తల్లిదండ్రులు ఆ రెండూ ఉన్నాయో లేవో అడిగి తెలుసుకొన్న తరువాతే రుసుము చెల్లించాలి.